ఆత్మహత్యల నివారణ హెల్ప్‌లైన్ల విధానంపై పనిచేయాలంటే హైదరాబాద్‌లో ఏ కుర్చీ మేలు?

‘హెల్ప్‌లైన్ విధాన విశ్లేషకుడు’ అన్న పేరుతో ప్రభుత్వ నోటిఫికేషన్ వస్తుందని ఎదురుచూసేవారు చాలాకాలమే ఎదురుచూడవలసి వస్తుంది. ఆ పేరుతో పోస్టు లేకపోయినా పని మాత్రం ఉంది. తీవ్ర మనోవేదనలో ఉన్న మనిషి ఏ నంబరుకు ఫోన్ చేయాలి, ఆ ఫోన్ ఎవరు ఎత్తాలి, ఎత్తినవారికి ఎంత శిక్షణ ఉండాలి, ప్రాణాపాయం ఉందని తేలితే పోలీసులకు ఏ దశలో చెప్పాలి, ఈ మొత్తానికి డబ్బు ఏ పద్దు నుంచి రావాలి అన్న ప్రశ్నలకు ఎవరో ఒకరు కాగితం మీద జవాబు రాస్తూనే ఉన్నారు. హైదరాబాద్‌లో అలా రాసేవారు ప్రధానంగా నాలుగు చోట్ల కనిపిస్తారు. కొందరు పోటీ పరీక్షలు రాసి వచ్చిన శాశ్వత ఉద్యోగులు. కొందరు ఆరోగ్య శాఖలో, జాతీయ ఆరోగ్య మిషన్‌లో కాంట్రాక్టు కన్సల్టెంట్లు. ఇంకొందరు పరిశోధన, శిక్షణ సంస్థల్లో ఉండి ప్రభుత్వానికి నివేదికలు ఇచ్చేవారు. చివరివారు స్వచ్ఛంద హెల్ప్‌లైన్లలో పనిచేస్తూ అనుభవంతో ప్రభుత్వానికి సలహా చెప్పేవారు. సైకాలజీ, ప్రజారోగ్యం, సోషల్ వర్క్, గణాంకశాస్త్రం చదివి ఈ రంగంలోకి రావాలనుకునేవారు ఈ నాలుగింటిలో దేన్ని ఎంచుకోవాలో తేల్చుకోవడానికి ఉపయోగపడుతుందని ఈ పోలిక రాస్తున్నాను.

జీతం, ఇంటి నుంచి దూరం, ఉద్యోగ భద్రత విషయంలో ఎవరి లెక్కలు వారికి ఉంటాయి కాబట్టి వాటి జోలికి పెద్దగా పోవడం లేదు. ఈ పనికే ప్రత్యేకమైన కొలమానాలు నా దృష్టిలో మూడు. హెల్ప్‌లైన్‌కు వచ్చిన కాల్స్ వివరాలను చూసే వీలు మీకు ఉంటుందా అన్నది మొదటిది. మీరు రాసిన నోట్ సంతకం పెట్టగల అధికారి బల్ల మీదికి చేరుతుందా అన్నది రెండోది. నిర్ణయం అమలై ఫలితం తేలేదాకా మీరు అదే చోట ఉంటారా అన్నది మూడోది. ఈ మూడూ ఒకేచోట దొరికే కుర్చీ లేదు. అందువల్ల దేన్ని వదులుకోవడానికి సిద్ధపడతారన్నదే అసలు ఎంపిక. నేనైతే మొదటిదాన్ని వదులుకోవద్దంటాను.

ఎందుకో వివరించడానికి కొన్ని అంకెలు అవసరం. జాతీయ నేర గణాంకాల సంస్థ లెక్కల ప్రకారం 2022లో దేశంలో 1,70,924 మంది ఆత్మహత్య చేసుకున్నారు. తెలంగాణలో ఆ సంఖ్య 9,980. లక్ష జనాభాకు దేశ సగటు 12.4 కాగా తెలంగాణలో 26.3. దేశవ్యాప్తంగా చనిపోయినవారిలో రోజుకూలీలు 26.4 శాతం, పురుషులు సుమారు 72 శాతం. ఈ అంకెలన్నీ పోలీసు రికార్డుల నుంచి వచ్చేవి, ఆలస్యంగా వచ్చేవి, పైగా చనిపోయినవారి గురించి మాత్రమే చెప్పేవి. ఫోన్ చేసి, మాట్లాడి, ఆ రాత్రి గడిచి బతికి ఉన్నవారి గురించి వాటిలో ఒక్క ముక్క కూడా ఉండదు. అది హెల్ప్‌లైన్ రికార్డుల్లోనే ఉంటుంది. మరణాల్లో నాలుగో వంతుకు పైగా ఉన్న రోజుకూలీలు హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసేవారిలో ఎంతమంది ఉన్నారు, ఆ వాటా తక్కువగా ఉంటే కారణం ఏమిటి, నంబరు తెలియకనా, తెలిసినా తమలాంటివారి కోసం కాదనుకునా అని అడగడమే ఈ ఉద్యోగంలో మొదటి పని. రెండు రకాల లెక్కలనూ పక్కపక్కన పెట్టి చూడగలిగినవాడే ఆ ప్రశ్న అడగగలడు.

కాంట్రాక్టు కన్సల్టెంట్: కాల్స్‌కు అతి దగ్గర, భరోసాకు అతి దూరం

రాష్ట్రంలో ఈ విధానపు పనిలో ఎక్కువ భాగం ఆరోగ్య శాఖ చుట్టూ, ముఖ్యంగా కోఠిలోని కార్యాలయాల చుట్టూ తిరుగుతుంది. కారణం టెలీ మానస్. 2022-23 కేంద్ర బడ్జెట్‌లో ప్రకటించిన జాతీయ టెలీ మానసిక ఆరోగ్య కార్యక్రమం కింద అదే ఏడాది అక్టోబర్ 10న 14416 నంబరుతో ఈ సేవ మొదలైంది. బెంగళూరులోని జాతీయ మానసిక ఆరోగ్య సంస్థ నిమ్‌హాన్స్ దీనికి నోడల్ కేంద్రం, అక్కడి ఐఐఐటీ సాంకేతిక సహకారం ఇస్తుంది, రాష్ట్రాల్లోని సెల్స్ ఫోన్లు ఎత్తుతాయి. మొదటి అంచెలో శిక్షణ పొందిన కౌన్సెలర్లు మాట్లాడతారు, అవసరాన్ని బట్టి రెండో అంచెలోని నిపుణులకు, జిల్లా మానసిక ఆరోగ్య కార్యక్రమానికి, వైద్య కళాశాలలకు అప్పగిస్తారు. 2024 నాటికి దేశం మొత్తం మీద ఈ నంబరుకు వచ్చిన కాల్స్ 10 లక్షలు దాటాయి.

ఇలాంటి వ్యవస్థ పక్కన కూర్చున్న కన్సల్టెంట్‌కు మరెవరికీ దొరకనిది ఒకటి దొరుకుతుంది. రోజువారీ కాల్స్ సరళి ఆయన కళ్లముందు ఉంటుంది. రాత్రి ఏ వేళ ఎవరూ ఎత్తక ముందే కట్ అయిపోయే కాల్స్ పెరుగుతున్నాయి, ఇంటర్ ఫలితాల వారంలో అదనంగా ఎంతమంది కౌన్సెలర్లు కావాలి, బిహార్, ఒడిశాల నుంచి వచ్చి ఇక్కడి నిర్మాణ పనుల్లో ఉన్నవారు ఫోన్ చేస్తే వారి భాషలో మాట్లాడేవారికి ఎంతసేపట్లో కలుపుతున్నారు వంటి ప్రశ్నలకు ఊహ మీద కాక లెక్క మీద జవాబు చెప్పవచ్చు. 2019 ఏప్రిల్‌లో ఇంటర్ ఫలితాల తర్వాత విద్యార్థుల మరణాలు రాష్ట్రాన్ని ఎంతగా కుదిపేశాయో చూసినవారికి, ఫలితాల తేదీని బట్టి సిబ్బంది షిఫ్టులను ముందే సర్దుకోవడం ఎంత అవసరమో వేరే చెప్పనక్కరలేదు.

అయితే ఈ కుర్చీకి ఒక వంకర ఉంది. పై నుంచి అడిగేది దాదాపు ఎప్పుడూ మొత్తం కాల్స్ సంఖ్యే. సెప్టెంబర్ 10 ఆత్మహత్యల నివారణ దినం, అక్టోబర్ 10 మానసిక ఆరోగ్య దినం దగ్గరపడితే, అసెంబ్లీ సమావేశాల్లో ప్రశ్న వస్తే, సాయంత్రంలోగా అంకెలు పంపమని ఫోన్ వస్తుంది. కాల్స్ పెరిగాయని రాయడం తేలిక. అవి ప్రచారం వల్ల పెరిగాయా, ఒకే వ్యక్తి పదేపదే చేయడం వల్ల పెరిగాయా, పది సెకన్లలో ముగిసిన కాల్స్‌ను కూడా లెక్కలో కలపడం వల్ల పెరిగాయా అన్నది విడదీసి రాయడం కష్టం, అది అడిగినవారూ తక్కువ. ప్రాణాపాయం ఉందని కౌన్సెలర్ గుర్తించిన వ్యక్తికి మర్నాడు తిరిగి ఫోన్ వెళ్లిందా, జిల్లా ఆసుపత్రికి పంపితే ఆ మనిషి నిజంగా అక్కడికి చేరాడా అన్న రెండు అంకెలను ప్రతి నివేదికలోనూ ఎవరూ అడగకపోయినా చేర్చే అలవాటున్న కన్సల్టెంట్, నా అభిప్రాయంలో, ఆ జీతానికి తగిన పని చేసినట్టే.

మరో విస్తారమైన పని నంబర్ల మధ్య అప్పగింత. అత్యవసర ఫోన్ సేవల విషయంలో హైదరాబాద్‌కు దేశంలో ప్రత్యేక స్థానం ఉంది. 108 అంబులెన్స్ సేవ 2005 ఆగస్టు 15న ఇక్కడే మొదలైంది, 104 ఆరోగ్య సలహా సేవ కూడా ఇక్కడ పుట్టిందే. ఇప్పుడు 108, 104లతో పాటు అన్ని అత్యవసరాలకూ 112, మహిళలకు 181, పిల్లలకు 1098, వృద్ధులకు 14567, మానసిక ఆరోగ్యానికి 14416 ఉన్నాయి. వీటిలో కొన్ని ఆరోగ్య శాఖవి, కొన్ని పోలీసులవి, కొన్ని మహిళా శిశు సంక్షేమ శాఖ పరిధిలోనివి. ఇంట్లో హింసను తట్టుకోలేక 181కి ఫోన్ చేసిన మహిళ మాటల మధ్యలో చావు గురించి మాట్లాడితే, ఆ కాల్‌ను కట్ చేసి మరో నంబరుకు చేయమని చెప్పకుండా, లైన్‌లో ఉంచే 14416కు కలిపి, జరిగినది రెండోసారి చెప్పుకోవలసిన అవసరం లేకుండా అప్పగించడం ఎలా? ఇందుకు శాఖల మధ్య ఒప్పందం కావాలి, సాఫ్ట్‌వేర్లు కలవాలి, ఎవరి రికార్డు ఎవరు చూడవచ్చో తేలాలి. దాని ముసాయిదా రాయగలిగేది సాధారణంగా ఈ కుర్చీలోని మనిషే. సంతకాలు మాత్రం ఆయన చేతుల్లో ఉండవు.

ఇక భరోసా సంగతి. కాంట్రాక్టు ప్రతి ఏటా పొడిగించుకోవలసిందే, అది కార్యక్రమానికి మంజూరైన డబ్బుతో ముడిపడి ఉంటుంది. టెలీ మానసిక ఆరోగ్య కార్యక్రమానికి కేంద్ర బడ్జెట్‌లో 2023-24కు 133.73 కోట్ల రూపాయలు కేటాయించి, 2024-25కు 90 కోట్లకు తగ్గించారు. అమెరికాలో ఆత్మహత్యల నివారణకు ఉన్న 988 నంబరు విషయంలో భిన్నమైన ఏర్పాటు ఉంది. 2020లో చేసిన చట్టం ఆ నంబరును నిర్దేశించడంతో ఆగకుండా, ఫోన్ బిల్లులపై చిన్న రుసుము వేసి దాన్ని నడుపుకోవడానికి రాష్ట్రాలకు అనుమతి ఇచ్చింది. 2022 జులై 16న ఆ నంబరు అమల్లోకి వచ్చింది. రుసుము వేయడానికి అక్కడి రాష్ట్రాలన్నీ ముందుకు రాలేదు, అది వేరే సంగతి. కానీ ఏటేటా కేటాయింపు మీద ఆధారపడే సేవకూ, చట్టంలోనే ఆదాయ మార్గం చూపిన సేవకూ ఉన్న తేడా, కన్సల్టెంట్ ఉద్యోగ భద్రత మీదే కాదు, ఫోన్ ఎత్తే కౌన్సెలర్ల మీద కూడా పడుతుంది. ఏప్రిల్‌లో మానేసిన అనుభవజ్ఞుడి స్థానంలో జులైలో కొత్తవారు వస్తే, ఫలితాల సీజన్ అంతా శిక్షణ లేని చేతుల్లో గడిచిపోతుంది.

పరిశోధన సంస్థ: తీరిక ఉంటుంది, తాళంచెవి ఉండదు

ఈ నగరంలో విధాన అధ్యయనానికి సంస్థల కొరత లేదు. 1956 నుంచి ఉన్న అడ్మినిస్ట్రేటివ్ స్టాఫ్ కాలేజ్ ఆఫ్ ఇండియా, 2001లో ఏర్పాటైన సెంటర్ ఫర్ గుడ్ గవర్నెన్స్, ప్రజారోగ్య రంగంలో ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ పబ్లిక్ హెల్త్, చట్టపరమైన కోణానికి నల్సార్ న్యాయ విశ్వవిద్యాలయం ఉన్నాయి. ఇక్కడివారికి సాయంత్రంలోగా అంకెలు పంపవలసిన ఒత్తిడి ఉండదు. అందుకే అసలు హెల్ప్‌లైన్ పనిచేస్తోందా అన్న మౌలికమైన ప్రశ్నను అడిగే తీరిక వీరికే ఉంటుంది.

ఆ ప్రశ్న చిన్నది కాదు. ఆత్మహత్యల నివారణకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో ఇచ్చిన మార్గదర్శకంలో నాలుగు ప్రధాన చర్యలున్నాయి: ప్రాణహాని కలిగించే సాధనాల అందుబాటును తగ్గించడం, మీడియా బాధ్యతాయుతంగా రాసేలా చూడడం, కౌమార వయసువారిలో భావోద్వేగ నైపుణ్యాలు పెంచడం, ప్రమాదంలో ఉన్నవారిని ముందే గుర్తించి వెంట ఉండి చూసుకోవడం. హెల్ప్‌లైన్ ఈ నాలుగింటిలో విడిగా లేదు, నాలుగోదానికి తోడ్పడే మార్గాల్లో ఒకటి మాత్రమే. ప్రభుత్వంలో ఉన్న విశ్లేషకుడు తన శాఖ నడిపే నంబరు గురించి ఇలా రాయడానికి వెనకాడతాడు. సంస్థలో ఉన్నవారు నిర్మొహమాటంగా రాయగలరు. మన దేశం 2022 నవంబరులో విడుదల చేసిన జాతీయ ఆత్మహత్యల నివారణ వ్యూహం 2020తో పోలిస్తే 2030 నాటికి మరణాలను 10 శాతం తగ్గించాలని లక్ష్యం పెట్టుకుంది కాబట్టి, ఆ తగ్గుదలలో హెల్ప్‌లైన్ వాటా ఎంతని ఆశించవచ్చో ఎవరో ఒకరు నిజాయతీగా లెక్కగట్టాలి.

కాల్స్ నాణ్యతను కొలవడం మరో మంచి పని. అమెరికా హెల్ప్‌లైన్లలో కాల్స్‌ను నేరుగా విని చేసి, 2007లో ప్రచురించిన ఒక అధ్యయనంలో, ఫోన్ ఎత్తినవారిలో చాలామంది అవతలి వ్యక్తికి చనిపోవాలన్న ఆలోచన ఉందా అని అడగనే లేదని తేలింది. ఆ పరిశీలనలు అక్కడ ప్రమాద అంచనాకు కచ్చితమైన ప్రమాణాలు ఏర్పడడానికి దారితీశాయి. మన కౌన్సెలర్లు ఆ ప్రశ్నను సూటిగా అడుగుతున్నారా, లేక మర్యాద పేరుతో, భయంతో దాన్ని చుట్టుతిప్పి వదిలేస్తున్నారా అన్నది తెలుగు కాల్స్ వింటే తప్ప తేలదు. అయితే ఆ కాల్స్ వినడానికి అనుమతి ఇవ్వవలసింది శాఖ. నైతిక కమిటీ ఆమోదం, కాలర్ వివరాల గోప్యత, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలో గోప్యత హక్కునిచ్చే 23వ సెక్షన్, 2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా పరిరక్షణ చట్టం, ఆపై శాఖ నుంచి వచ్చే కొర్రీలు, ఇవన్నీ దాటేసరికి ప్రాజెక్టు గడువు సగం అయిపోతుంది. శాఖతో డేటా ఒప్పందం చేతిలో ఉన్న ప్రాజెక్టులో చేరడానికీ, ఒప్పందం ‘త్వరలో వస్తుంది’ అనే ప్రాజెక్టులో చేరడానికీ భూమ్యాకాశాల తేడా ఉంది.

స్వచ్ఛంద హెల్ప్‌లైన్: విధానం తక్కువ, వినికిడి ఎక్కువ

హైదరాబాద్, సికింద్రాబాద్ జంట నగరాల్లో రోష్ని, చెన్నైలో 1986 నుంచి స్నేహ వంటి సంస్థలు ప్రభుత్వ నంబరు రావడానికి ఎంతో ముందునుంచీ ఈ పని చేస్తున్నాయి. 1953లో లండన్‌లో మొదలైన సమారిటన్స్ సంప్రదాయం వీటికి మూలం: సలహాలు ఇవ్వకుండా, తీర్పు చెప్పకుండా, ఎదుటి మనిషి చెప్పేది చివరిదాకా వినడం. ఇక్కడ జీతం ఆశించకూడదు, ‘పాలసీ’ అన్న మాట కూడా తక్కువే వినిపిస్తుంది. గోప్యతకు ప్రాణమిస్తారు కాబట్టి విశ్లేషణకు పనికొచ్చే వివరమైన రికార్డులు కూడా ఎక్కువగా ఉండవు. అంటే నేను పైన చెప్పిన మొదటి కొలమానంలో ఈ కుర్చీ ఓడిపోవాలి.

అయినా ముప్పై ఏళ్లలోపువారికి నా మొదటి సలహా ఇదే. ఏడాదిపాటు వారాంతాల్లో వాలంటీర్‌గా శిక్షణ తీసుకుని ఫోన్ దగ్గర కూర్చోండి, ఆ తర్వాతే విధానం రాయండి. పట్టికలో ఒక గడిగా కనిపించే ‘మౌన కాల్’ ఏమిటో, మాట్లాడకుండా ఊపిరి మాత్రమే వినిపించే మనిషితో ఎంతసేపు లైన్‌లో ఉండవలసి వస్తుందో తెలియనివారు, సగటు కాల్ నిడివిని తగ్గించాలని లక్ష్యం పెడతారు. అలాంటి లక్ష్యం కరెంటు బిల్లు ఫిర్యాదుల కేంద్రానికి సరిపోతుందేమో గానీ ఇక్కడ ప్రమాదకరం.

పైగా ఈ రంగంలోని అతి పెద్ద విధాన వివాదం ఇక్కడే కళ్లకు కడుతుంది. ఫోన్ చేసిన వ్యక్తి సమ్మతి లేకుండా అతని లొకేషన్ కనుక్కుని పోలీసులను పంపవచ్చా? స్వచ్ఛంద సంప్రదాయం దీన్ని చివరి మార్గంగా కూడా ఇష్టపడదు, ఎందుకంటే ఒక్కసారి ఇంటి ముందు పోలీసు జీపు ఆగిందన్న వార్త పాకితే ఆ బస్తీలో మరెవరూ ఫోన్ చేయరు. ప్రభుత్వ నంబరు అలా చేతులు కట్టుకుని కూర్చోలేదు, కూర్చుంటే రేపు విచారణలో జవాబు చెప్పుకోవాలి. 2017 నాటి మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 115వ సెక్షన్, ఆత్మహత్యకు ప్రయత్నించిన వ్యక్తి తీవ్రమైన ఒత్తిడిలో ఉన్నట్టు భావించి శిక్షించకూడదంటుంది, ఆ వ్యక్తికి చికిత్స, సంరక్షణ, పునరావాసం కల్పించే బాధ్యతను ప్రభుత్వంపై పెడుతుంది. 2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో, ఆత్మహత్యాయత్నాన్ని నేరంగా చూసిన పాత శిక్షాస్మృతి 309వ సెక్షన్ లేదు, కానీ ప్రభుత్వ ఉద్యోగిని విధి నిర్వహణ నుంచి అడ్డుకోవడానికి లేదా ఏదైనా చేయమని ఒత్తిడి చేయడానికి ఆత్మహత్యాయత్నం చేస్తే 226వ సెక్షన్ కింద ఇప్పటికీ నేరమే. కలెక్టరేట్ ముందు భూమి గొడవతో నిరసనకు దిగిన రైతు ముందురోజు రాత్రి హెల్ప్‌లైన్‌కు ఫోన్ చేసి ఉంటే, ఆ కాల్ రికార్డు పోలీసుల చేతికి ఇవ్వాలా వద్దా అన్నది పాఠ్యపుస్తకాల్లో లేని ప్రశ్న. రెండు వైపులా పనిచేసినవారు దానికి రాసే నియమావళి, ఒకవైపే చూసినవారు రాసేదానికంటే మెరుగ్గా ఉంటుంది.

శాశ్వత ఉద్యోగం, ఢిల్లీ, బెంగళూరు

గ్రూప్-1 వంటి పరీక్షల ద్వారా సచివాలయం వరకు చేరే దారి గురించి ఎక్కువ చెప్పనక్కరలేదు. అక్కడ సంతకానికి విలువ ఉంటుంది, మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టంలోని 29వ సెక్షన్ ఆత్మహత్యలను తగ్గించే కార్యక్రమాలు రూపొందించే బాధ్యతను ప్రభుత్వంపై పెట్టిందని గుర్తుచేస్తూ ఫైలు కదిపే శక్తి ఉంటుంది. కానీ శాఖను ఎంచుకునే స్వేచ్ఛ మీకు ఉండదు. మానసిక ఆరోగ్యం మీద ఆసక్తితో వచ్చిన అధికారి రెండేళ్లలో వాణిజ్య పన్నులకో, మున్సిపాలిటీకో బదిలీ కావచ్చు. ఈ ఒక్క అంశమే జీవితాశయమైనవారికి ఈ దారి సరిపడదు. పరిపాలన అంతటి మీదా ఇష్టం ఉండి, ఇది ఆ ఇష్టాల్లో ఒకటైనవారికి సరిపోతుంది. ఢిల్లీలోని మంత్రిత్వ శాఖలోనో, నిమ్‌హాన్స్‌లోనో అవకాశం వస్తే దేశమంతటి కాల్స్ సరళి చూడవచ్చు గానీ తెలంగాణ జిల్లాల్లో ఏం జరుగుతోందన్నది మీకు రాష్ట్రం పంపే పట్టికగానే అందుతుంది.

ఎవరికి ఏది

గణాంకాల్లో పట్టు ఉండి, రాత పనిలో నిదానం కోరుకునేవారు పరిశోధన సంస్థకు వెళ్లడం మేలు, కానీ డేటా ఒప్పందం చూసుకున్నాకే. సైకాలజీ, సోషల్ వర్క్ చదివి ఇప్పుడే బయటికి వచ్చినవారు స్వచ్ఛంద హెల్ప్‌లైన్‌లో ఏడాది గడిపి, ఆ అనుభవంతో కాంట్రాక్టు పోస్టుకు ప్రయత్నించవచ్చు. ఇంట్లో మరొకరికి స్థిరమైన ఆదాయం ఉన్నవారికే కాంట్రాక్టు కుర్చీ ఎక్కువ కాలం సాగుతుందన్నది చేదుగా ఉన్నా దాచవలసిన విషయం కాదు. ఆసుపత్రిలోనో, 108లోనో, పోలీసు కంట్రోల్ రూమ్‌లోనో చాలాకాలం పనిచేసి నడివయసులో ఇటు రావాలనుకునేవారికి కూడా కాంట్రాక్టు కుర్చీయే మంచిది. నంబర్ల మధ్య అప్పగింత పనికి వారికి ఉన్న అనుభవం ఏ డిగ్రీతోనూ రాదు.

ఇటీవలే సొంత కుటుంబంలో ఇలాంటి మరణాన్ని చూసినవారు ‘ఇక ఇదే నా పని’ అని వెంటనే దూకడం మాత్రం తొందరపాటు. విశ్లేషకుడు ఫోన్ ఎత్తకపోయినా కేసుల వివరాలు రోజూ చదవవలసిందే. కౌన్సెలర్లకు పర్యవేక్షకులు ఉంటారు, కాల్ తర్వాత మాట్లాడుకునే ఏర్పాటు ఉంటుంది. వారి నోట్స్ చదివే విశ్లేషకుడి గురించి ఎవరూ ఆలోచించరు. కొంతకాలం ఆగి, మనసు కుదుటపడ్డాక రావడంలో నష్టమేమీ లేదు. ఆలోపు మాట్లాడుకోవలసి వస్తే 14416 వారికి కూడా ఉన్నదే.

ఏ కుర్చీ ఒప్పుకునేముందైనా ఇంటర్వ్యూలో అడగవలసినవి కొన్ని ఉన్నాయి. కాల్స్ వివరాలు, పేర్లు తీసేసిన రూపంలోనైనా, నేను నేరుగా చూడవచ్చా లేక నెలవారీ పట్టికే వస్తుందా? నా నోట్ ఎన్ని చేతులు దాటి నిర్ణయాధికారికి చేరుతుంది? నా కంటే ముందు ఈ పని చేసినవారు ఎందుకు మానేశారు? కౌన్సెలర్ల మధ్య నెలకు ఒక్క షిఫ్టయినా కూర్చోవడానికి నాకు వీలిస్తారా? మొదటి ప్రశ్నకూ చివరిదానికీ సూటిగా ‘సరే’ అన్నచోట జీతం కాస్త తక్కువైనా చేరవచ్చు. రెండింటికీ ‘తర్వాత చూద్దాం’ అన్న జవాబే వస్తే, అక్కడ మీరు సెప్టెంబరులోనూ అక్టోబరులోనూ అంకెలు పంపే పనిలోనే ఉంటారు.